నమోదైన వేలు

నా బొటనవేలికి గీతలు లేవు.
పద్నాలుగేళ్ళుగా ఉప్పునీళ్ళలో
సార్డీన్ చేపల తలలు తుంచీ తుంచీ
అరిగిపోయింది.
పెనీష్ రేవులో, మా డబ్బాల ఫ్యాక్టరీ గేటు దగ్గర
హాజరు మిషను రోజూ మూడుసార్లు అడుగుతుంది
ఎవరు నువ్వని.
నాలుగోసారికి ఫెలిస్మీన విసుక్కుంటూ వచ్చి
ఇదలీన అని చేత్తో రాసుకుంటుంది.

ఫోనుకీ నేను తెలియదు.
అందుకే పోయిన చలికాలం ఒక ఆదివారం
జిల్‌గాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని
వాడి వేలు పెట్టించాను.
పెట్టు, తియ్యి, మళ్ళీ పెట్టు, కొంచెం పక్కకి.
ఏడేళ్ళ వేలు. రొట్టె మీది వెన్న ఇంకా అంటుకునే ఉంది.
ఫోను టక్కున గుర్తుపట్టింది.
ఇద్దరం చప్పట్లు కొట్టాం.

ఈ సంగతి బ్యాంకులో చెప్పలేదు.

బ్యాంకులో చెప్పింది ఇంకోటి:
నాలుగు వందల పన్నెండు యూరోలు పోయాయి,
నేనేమీ కొనలేదు, ఎవడో దొంగ.
అద్దం వెనక అబ్బాయి కాగితం నావైపు తిప్పాడు.
ముప్పై ఏడు వరసలు.
గుప్పెడు మేత. గుప్పెడు మేత. బుట్టెడు మేత.
మళ్ళీ గుప్పెడు.
అన్నీ రాత్రి పదికీ పన్నెండుకీ మధ్య,
నేను గ్లవ్స్ తొడుక్కుని బెల్టు ముందు నిలబడే వేళ,
వాణ్ణి నిద్రపుచ్చే పని
ఫోనుకి అప్పగించిన వేళ.

ఇంటికొచ్చి ఆట తెరిచాను.
నీలం గాజుతొట్టి, అందులో నారింజరంగు చేప.
దానికి కనురెప్పలున్నాయి.
చేపకి రెప్పలుండవు. ఆ మాట నాకంటే ఎవరికి తెలుసు?
"ఆకలేస్తోంది జిల్" అంది,
పేరు పెట్టి పిలిచింది నా కొడుకుని.
"నన్ను చచ్చిపోనిస్తావా?"
కింద పచ్చటి బటను.
దాని మూల ధర, చీమతలంత.

రాత్రంతా నేను తలలు తీసిన చేపల కూలి
తెల్లారేసరికి ఒక బొమ్మచేప పొట్టలోకి.
నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను, వంటింట్లో, ఒక్కదాన్నే.
తర్వాత వాణ్ణి కొట్టాను.
ఒక్క దెబ్బే అని చెప్పుకుంటున్నాను.
రెండు.

కంపెనీ నుంచి జవాబొచ్చింది, ఎంతో మర్యాదగా:
మీ పరికరంలో నమోదైన వేలితోనే అనుమతి లభించింది.

మా అమ్మమ్మ అల్బెర్తీన నిశానీ మనిషి.
ఎవరో చదివి వినిపించింది నమ్మి
పడవ అప్పు కాగితం మీద వేలు వేసింది.
పడవ పోయింది.
అందుకే చదువుకోమని మా అమ్మ నా ప్రాణం తీసేది.
చదువుకున్నాను, తొమ్మిదో తరగతి దాకా.
ఈ ఆట ఎక్కించిన రోజు
బస్సు వెనక పరిగెడుతూ
నలభై పేజీల షరతులకి సరేనన్నాను,
ఒక్క అక్షరం చూడకుండా.

"తాళంచెవి నువ్వే చేతికిచ్చి
పిల్లాణ్ణి దొంగంటే ఎలాగే?" అంది మేడమీది ఓలందీన.
తాళంచెవి నేనే ఇచ్చాను. ఒప్పుకుంటాను.
తలుపవతల నిలబడి
ఏడేళ్ళవాణ్ణి పేరు పెట్టి పిలిచిందెవరో
అదీ ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కదా.

ఈ రాత్రి సెలవు పెట్టాను.
కొనుగోళ్ళకి తాళం వేద్దామని సెట్టింగుల్లోకి వెళ్తే
వేలు పెట్టమంది.
పెట్టాను. ఎవరు నువ్వంది.
తుడుచుకుని పెట్టాను, నోటి ఆవిరి పట్టి పెట్టాను.
చివరికి వాడి మంచం అంచున కూర్చుని
నిద్రలో ఉన్న చెయ్యి మెల్లగా విప్పి
ఆ బొటనవేలే అద్దానికి ఆనించాను.
పాపం, వెంటనే తెరుచుకుంది.

వాడు కళ్ళు తెరవకుండానే అడిగాడు,
"అమ్మా, చేప చచ్చిపోయిందా?"

నా మోచేతి దగ్గర నిన్నటి పొలుసొకటి ఎండి ఉంది.
గోటితో దాన్ని గిల్లుకుంటూ
చాలాసేపు అలాగే కూర్చున్నాను.